నిలువ నీడ: హైదరాబాదు ఇంటి కప్పుల కథ

ఇల్లు లేనివానిని గురించి చెప్పవలసివచ్చినప్పుడు తెలుగువాడు “పాపం, వానికి నిలువ నీడ లేదు” అంటాడు. గోడ లేదనడు, తలుపు లేదనడు, వానకు తడుస్తున్నాడని కూడా అనడు. నీడ లేదంటాడు. ఎండలు మండే దేశంలో పుట్టిన మాట అది. మన ఇండ్లకు పేర్లు పెట్టినది కూడా కప్పే. గడ్డి కప్పితే పూరిల్లు, పెంకు కప్పితే పెంకుటిల్లు, మట్టి పరిస్తే మిద్దె, రేకు వేస్తే రేకుల ఇల్లు, సిమెంటు పోస్తే స్లాబు ఇల్లు. గోడలు మట్టివా, ఇటుకవా, రాతివా అని పేరులో ఎవరూ అడగలేదు. పిల్లనిచ్చే తండ్రి వీధిమొగలో నిలుచుండి కప్పు చూచి, వియ్యంకుని స్థితిగతులు అంచనా కట్టేవాడు.

హైదరాబాదులో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఏడాదికి పడే వాన సుమారు 800 మిల్లీమీటర్లు, అనగా రమారమి 32 అంగుళాలు. అందులో అధికభాగం జూన్ నుండి సెప్టెంబరు వరకు గల నాలుగు నెలలలోనే కురుస్తుంది. కనుక ఇక్కడి కప్పుకు శత్రువులు ఇద్దరు. వాన నాలుగు నెలల శత్రువు. ఎండ తక్కిన కాలమంతా కాచుకొని ఉండే శత్రువు. ఈ ఇద్దరిలో ఎవరిని ముందు ఎదిరించవలెనన్న ప్రశ్నకు ఒక్కొక్క కాలంవారు ఒక్కొక్క జవాబు చెప్పినారు. ఆ జవాబులను వెదకుకొంటూ ఊరంతా తిరగనక్కరలేదు. పాతబస్తీకి ఆగ్నేయంగా ఉన్న కంచన్‌బాగ్ నుండి బయలుదేరి నాలుగైదు మైళ్ళు నడిస్తే చాలావరకు దొరుకుతవి.

కంచన్‌బాగ్ అన్నది సంస్కృతపు కాంచనమూ, పారసీకపు బాగూ కలిసిన పేరు. బంగారుతోట అని అర్థం. 1970లో స్థాపించిన భారత్ డైనమిక్సు, 1973లో స్థాపించిన మిశ్రధాతు నిగమ్ అక్కడివే. ఈ కర్మాగారాలకు దాపుననే, సంతోష్‌నగర్ పక్కన పిసల్‌బండలో, పైగా వంశీయుల సమాధులున్నవి. నిజాం రాజ్యంలో నిజాము తరువాత అంతటి ప్రభువులు పైగాలు. 18వ శతాబ్ది చివర మొదలైన ఈ సమాధులలో సున్నపు గచ్చుతో తీర్చిన లతలూ, అల్లిక పనులూ, పాలరాతి జాలీలూ చూచినవారు మరచిపోలేరు. ఆశ్చర్యమేమంటే వీనిలో కొన్నింటికి కప్పు లేదు. చుట్టూ జాలీ గోడలు, పైన ఆకాశం. పైకప్పు చేయించే స్తోమత లేక కాదు గదా! సమాధిపై వానా వెన్నెలా నేరుగా పడవలెననే భావం ముస్లిం సంప్రదాయంలో ఉన్నది. ఖుల్దాబాదులో ఔరంగజేబు సమాధి కూడా అట్లే ఆకాశం క్రిందనే ఉన్నది. 1884లో ఫలక్‌నుమా మహలుకు పునాది వేసిన వికారుల్ ఉమ్రా పైగా ప్రభువే. ఆయననూ ఈ వాటికలోనే పాతిపెట్టినారు. ఫలక్‌నుమా అంటే ఆకాశదర్పణమని చెప్తారు. కప్పు వద్దనుకోవడం చనిపోయినవారికి చెల్లింది గాని బ్రతికినవారికి చెల్లదు. వారి సంగతి చూద్దాము.

కాకతీయుల కాలంలో శాశ్వతమైన కప్పు అంటే రాయి. స్తంభంపై దూలం, దూలంపై బండ, అదీ పద్ధతి. రాయి బరువును మోయగలదు గాని, రెండు కొసలలో ఆనించి నడుమ బరువు వేస్తే క్రిందివైపు లాగుడుకు తాళలేక విరుగుతుంది. అందుచేత స్తంభాలు దగ్గర దగ్గరగా నిలపవలసివచ్చింది. నాలుగు మూలలా అడ్డుబండలు పెట్టి, వాటిపై మరల మూల తిప్పి బండలు పెట్టి, నడుమ ఖాళీని అంతకంతకు తగ్గించే ఉపాయం వారిది. 1213 నాటి రామప్ప గుడిలో ఈ బరువు సమస్యకు వారు ఇంకొక మార్గం కూడా చూపినారు. శిఖరాన్ని నీళ్ళలో తేలేటంత తేలికైన ఇటుకలతో కట్టినారు. రాతి గుడికి నెత్తిమీద ఇటుక బరువు తగ్గించవలెనని తోచిన ఆ స్థపతి బుద్ధికి నమస్కారం చేయవలెను.

కుతుబ్‌షాహీల కాలంలో కమానూ గుమ్మటమూ వచ్చినవి. వీనిలో రాయికి గాని ఇటుకకు గాని లాగుడు లేదు, నొక్కుడే. ఒక రాయి పక్కరాయిని నొక్కుతూ బరువును పక్కగోడలకు అందిస్తుంది. 1591లో వెలసిన చార్మినారు నాలుగు కమానుల నడుమనున్న గుమ్మటపు కప్పే పై అంతస్తుకు నేల. ఈ నిర్మాణాలన్నింటినీ పట్టి ఉంచినది డంగు సున్నం. సున్నపురాతిని కాల్చి, నీటిలో విరిసి, ఇసుకతో కలిపి గానుగలో నూరేవారు. బెల్లం నీరు, కరక్కాయ కషాయం, మారేడుపండు గుజ్జు, గుడ్డు సొన మొదలైనవి కలపడం ఆచారం. ఇవి వంటింటి కబుర్లవలె వినబడవచ్చును గాని, వీనికి పని ఉన్నది. బెల్లం సున్నానికి జారుడు గుణాన్ని ఇచ్చి, తక్కువ నీటితో కలిసేటట్లు చేస్తుంది. నీరు తక్కువైతే పగుళ్ళు తక్కువ. పూసిన సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మెల్లమెల్లగా మరల సున్నపురాయిగా మారుతుంది. అనగా కొండనుండి వచ్చిన రాయి నిప్పులో, నీటిలో పడి లేచి, ఇంటిమీద తిరిగి రాయి అవుతుంది. తడిస్తే తేమను పీల్చుతుంది, ఎండ వస్తే విడుస్తుంది. సన్న పగుళ్ళను కొంతవరకు తానే పూడ్చుకొంటుంది.

గుమ్మటాలు రాజులవి. జనం ఇండ్లమీద ఉన్నది మట్టి. పాలమూరు మొదలు రాయలసీమ వరకు గల మట్టిమిద్దె మన దక్కను ప్రజల సొంత శాస్త్రమని నా నమ్మకం. దానిపై పండితులు రావలసినంత గ్రంథం రాలేదు. గోడలపై దూలం, దూలంపై దంతెలు, దంతెలపై అడ్డంగా కట్టెలు, కట్టెలపై ఆకూ అలమూ గాని ఈతచాప గాని, దానిపై తొక్కిన మట్టి, అన్నింటికిపైన చౌడు. చౌడుభూమి పంటకు పనికిరాదు. రైతు తిట్టే భూమి అది. ఇంటిమీదికి ఎక్కగానే అదే మట్టి బంగారమవుతుంది. అందులోని సోడియం లవణాల ప్రభావంచేత తడి తగలగానే బంకరేణువులు విడిపోయి ఉబ్బి, సందులను పూడ్చివేస్తవి. మొదటి చినుకులకే పైపొర మూసుకొనిపోయి తరువాతి నీరు లోనికి దిగదు, వాలువెంట పారి తూములోనుండి క్రింద పడుతుంది. పైగా చౌడులో గడ్డి మొలవదు కనుక వేళ్ళు కప్పును చీల్చవు. ఇంత తెలివి ఏ కళాశాలలోను నేర్చినది కాదు.

ఈ మిద్దె గుణం దాని మందంలో ఉన్నది. అడుగు మందం మట్టిని మధ్యాహ్నపు వేడి దాటి లోపలికి చేరేసరికి ప్రొద్దు గూకుతుంది. అప్పటికి ఇంటివారు మంచాలు తీసికొని మిద్దెపైకి వెళ్ళిపోతారు. పగలు క్రింద, రాత్రి పైన: కప్పు ఒక్కటే, నీడలు రెండు. అయితే దోషం కూడా ఆ మందంలోనే ఉన్నది. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు మందం గల మట్టి 45 కిలోలకు తక్కువ తూగదు. తడిస్తే ఇంకా ఎక్కువ. ఆ బరువుకు దూలం పొడవే గది వెడల్పును నిర్ణయించింది. అందుకే పాత మిద్దెలలో గదులు ఇరుకుగా పొడవుగా ఉంటవి. ఏటేటా మృగశిర కార్తెకు ముందు పైన కొత్త చౌడు చల్లి తొక్కవలెను. ఒక ఏడు బద్ధకిస్తే ఆ ఏటి వానకు దూలం నానుతుంది. మరుసటి ఏడు చెద పడుతుంది. మూడవ ఏడు సంగతి చెప్పనక్కరలేదు.

పెంకుటిండ్లది వేరొక దారి. ఎండను ఆపడంకంటె వానను జార్చడం వాటి ముఖ్యధర్మం. కుమ్మరి సారెమీద కుండవలె ఒక సన్నని గొట్టం లేపి, పచ్చిగా ఉండగానే నిలువున రెండుగా కోసి, ఎండబెట్టి కాల్చితే రెండు గూనపెంకులు. ఒక వరుస వెల్లకిల, పై వరుస బోర్ల. పాతబస్తీ ఉర్దూలో వీనిని కవేలు అంటారు. గూనపెంకుల సందులలోనుండి ఇంటిలోని వేడిగాలి పైకి పోతుంది, వంటింటి పొగ కూడా పోతుంది. కాని పిల్లి నడిచినా, కోతి దుమికినా పెంకు జారుతుంది. ఏటేటా పెంకులు తిరుగవేయించవలసిందే. 1865లో మంగుళూరులో జర్మను మిషనరీలైన బాజెల్ మిషన్‌వారు యంత్రంపై పెంకులు అచ్చువేయసాగినారు. ఒకదానిలో ఒకటి గాడిపడి కూర్చునే ఈ చదును పెంకు తక్కువ కొయ్యతో ఎక్కువ కప్పును మోయగలిగింది. మనవారు దానిని బెంగుళూరు పెంకు అన్నారు. ఊరు ఏదైననేమి, కుమ్మరి సారెకు మాత్రం పని తగ్గింది.

1908 సెప్టెంబరు 28 హైదరాబాదు ఎన్నడూ మరువని దినం. మూసీ పొంగి నగరంలో జొరబడి వేలమందిని పొట్టబెట్టుకొన్నది. వేలకొలది ఇండ్లు నేలమట్టమైనవి. అట్టి వరదలో మట్టిగోడ అడుగు నాని మెత్తబడుతుంది. నీళ్ళు త్రాగిన మిద్దె బరువు పైనుండి దిగుతుంది. గోడ ముందు పోయి కప్పు తరువాత పడినా, క్రింద ఉన్నవారికి భేదమేమున్నది? ఆ పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించినారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తి అయినవి. 1912లో నగరాభివృద్ధి సంఘం ఏర్పడి ఇరుకు బస్తీలను తొలగించి కొత్త ఇండ్లు కట్టసాగింది. మూసీ సంగతి అందరూ వ్రాసినారు. జనం మనస్సులో మట్టికప్పు మీది నమ్మకం ఆ వరదతో చెదిరిందన్న సంగతి మాత్రం తగినంతగా చెప్పుకొనలేదని నాకు తోస్తుంది.

అప్పటికే రైలు వచ్చి ఉన్నది. 1874లో వాడి నుండి సికిందరాబాదుకు ఇనుపదారి పడగానే ఇనుప దూలాలు చౌకగా దిగుమతి కాసాగినవి. టేకు దూలానికి చెద ఉన్నది, ఇనుముకు లేదు. ఇనుప దూలాల నడుమ చిన్న ఇటుక కమానులు కట్టి, పైన సున్నపు కాంక్రీటు పోయడం ఒక పద్ధతి. దూలంనుండి దూలానికి షాబాదు బండలు పరచి, పైన సున్నం మెత్తడం మరియొకటి. ఆనాడు నిజాం రాజ్యంలోనిదే అయిన గుల్బర్గా ప్రాంతపు షాబాదు రాయి పొరలు పొరలుగా లేచే సున్నపురాయి. దానిని కోయనక్కరలేదు, విప్పితే చాలును. హైదరాబాదు పాత ఇండ్లలో తల ఎత్తి చూస్తే నల్లని ఇనుప గీతల నడుమ బూడిదరంగు బండలు కనిపిస్తవి.

దేవిడీలలోను మేడలలోను మద్రాసు టెర్రేసు అనబడే కప్పు కూడా ఉండేది. దగ్గర దగ్గరగా టేకు దూలాలు పరచి, సన్న ఇటుకలను నిలువు అంచున, మూలనుండి మూలకు ఏటవాలుగా సున్నంతో అంటించుకొంటూ పోతారు. క్రింద పలకల ఆసరా అక్కరలేదు. దానిపై ఇటుకముక్కల సున్నపు కాంక్రీటు మూడు నాలుగంగుళాలు పోసి, కొయ్య దిమ్మిసలతో రోజుల తరబడి కొట్టవలెను. ఆడవారు వరుసగా కూర్చుండి, బెల్లం నీళ్ళు చిలకరించుకొంటూ, లయ తప్పకుండా కొట్టేవారు. దిమ్మిస ఎగిరిపడి ఖణేలుమన్నప్పుడు పని పూర్తి అయినట్లు. ఈ పనిలో ఖరీదైనది సామాను కాదు, ఓపిక.

ఆ ఓపికనే సిమెంటు తీసివేసింది. 1824లో ఆంగ్లేయుడు జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండు సిమెంటుకు పేటెంటు పొందినాడు. 1867లో జోసెఫ్ మోనియే అనే ఫ్రెంచి తోటమాలి, పూలతొట్లు పగలకుండా సిమెంటులో ఇనుప తీగెలు పెట్టి పేటెంటు తీసికొన్నాడు. నొక్కుడుకు సిమెంటు, లాగుడుకు ఇనుము. కాకతీయ స్థపతిని వేధించిన చిక్కు పూలతొట్టిలో విడిపోయినది! షాబాదు రాతినుండి సిమెంటు కూడా తయారుకాసాగింది. స్వాతంత్ర్యానంతరం నాలుగైదు అంగుళాల స్లాబు మధ్యతరగతి గృహస్థు కల అయినది. ఏటేటా చౌడు చల్లనక్కరలేదు, పెంకు తిరుగవేయనక్కరలేదు, అంతస్తుమీద అంతస్తు వేసుకోవచ్చును. ఈ మేలు చిన్నది కాదు. వరదకు కూలని కప్పు, నిప్పుకు అంటుకోని కప్పు పేదవానికి కూడా కావలసిందే. తాటాకు ఇండ్లు కాలి బూడిద అయిన పల్లెలలో పెరిగినవారికి స్లాబును తీసిపారవేసే మాట రుచించదు, రుచించకూడదు కూడా. స్లాబు దోషం వేరే ఉన్నది. నీరు సందు చేసుకొని ఇనుప చువ్వను చేరితే, త్రుప్పు చువ్వను ఉబ్బించి, క్రింది సిమెంటు పెచ్చులు రాల్చుతుంది. సున్నం తన గాయాన్ని కొంత పూడ్చుకొంటుంది, సిమెంటు దాచుకొంటుంది.

స్లాబుకు అందనివారికి రేకులు వచ్చినవి. 1829లో హెన్రీ పామర్ లండనులో ముడుతలు పెట్టిన ఇనుపరేకుకు పేటెంటు పొందినాడు. కాగితాన్ని ముడిచి నిలబెట్టినట్లు, ముడుతచేత పలుచని రేకుకు బలం వస్తుంది. 20వ శతాబ్ది ఆరంభంలో ఆస్ట్రియాకు చెందిన లుడ్విగ్ హాచెక్ రాతినారనూ సిమెంటునూ కలిపి రేకు చేసే విధానం కనిపెట్టినాడు. రాతినార అంటే ఆస్‌బెస్టాసు. మన కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో కూడా త్రవ్వేవారు. 1940ల దశకంలో హైదరాబాదులోని సనత్‌నగర్‌లో ఈ రేకుల కర్మాగారం వెలసింది. ఆ రేకులకు పెట్టిన పేరు చార్మినార్. డంగు సున్నపు కట్టడం పేరుతో సిమెంటు రేకు దేశమంతా తిరిగింది! అన్ని రకాల ఆస్‌బెస్టాసూ మానవులలో కాన్సరు కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పినది. 1995 జనవరిలో సుప్రీంకోర్టు ఈ పరిశ్రమల కార్మికుల ఆరోగ్య వివరాలను కనీసం 40 ఏండ్లు భద్రపరచవలెనని ఆదేశించింది. ఇంటిమీద కదలకుండా ఉన్న రేకుకంటె కోసేటప్పుడు, పగిలేటప్పుడు లేచే ధూళి ప్రమాదకరం. ఆ ధూళిని పీల్చేది రేకు తయారుచేసినవాడూ, దించి పగులగొట్టేవాడూ.

రేకు వానను చక్కగా ఆపుతుంది. ఎండను ఆపదు. మట్టిమిద్దెలో వేడి లోపలికి చేరడానికి పట్టే గంటలు ఇనుపరేకులో నిమిషాలు. రోళ్ళు పగులుతవనే రోహిణి కార్తెలో రేకు క్రింద కూర్చుండి బట్టలు కుట్టేవారూ, గాజులకు రాళ్ళు అంటించేవారూ పాతబస్తీలో కొల్లలు. వారికి ఇల్లే కార్ఖానా. మధ్యాహ్నం పని ఆగితే ఆ పూట కూలి ఆగుతుంది. రాత్రి పైకి వెళ్ళి పడుకొందామంటే రేకుమీద మంచం వేయలేరు. కంచన్‌బాగ్‌లో రాకెట్ల నిప్పుకు తాళే మిశ్రలోహాలు తయారవుతున్నవి. ఆ గోడల కవతలి బస్తీలలో మే నెల ఎండకు తాళే కప్పు లేని ఇండ్లున్నవి. నూరేండ్ల శ్రమలో మనము వానను గెలిచినాము. గెలుపుకు వెల ఎండ రూపంలో చెల్లిస్తున్నాము. ఆ వెలలో పెద్దవాటా పేదవానిదే. కప్పులను గురించిన చర్చలలో కారే కప్పు కనబడినంతగా కాలే కప్పు కనబడదు. కారిన నీరు గోడపై మరక వేస్తుంది, వేడికి మరక లేదు.

2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం చల్లని కప్పుల విధానమొకటి ప్రకటించింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పులను ఎండను తిప్పికొట్టే విధంగా మార్చవలెనని అందులోని లక్ష్యం. 600 చదరపు గజాలకు మించిన స్థలాలలో కట్టే ఇండ్లకు దీనిని తప్పనిసరి చేసినారు. తెల్లని పూత ఎండలో అధికభాగాన్ని పైకి పంపివేస్తుంది. మందుల దుకాణమంత పేర్లున్న పూతలు బజారులో దొరుకుతున్నవి గాని, తెల్లసున్నం కూడా ఈ పని చేస్తుంది. ఏటేటా వేయవలసివస్తుంది, అంతే. చౌడు చల్లినవారి మనుమలకు అది కొత్త కాదు. 600 గజాల లోపు ఇండ్లకు, అనగా అసలు రేకులున్న ఇండ్లకు, తప్పనిసరి లేదు. వారు తమంత తాము పూసుకోవలెను. ఆ పూతకు అవసరమైన సొమ్ము ఎవరివ్వవలెనన్నదే ఇకముందు ప్రశ్న.

సున్నం పని మరచిపోయిన తాపీవారు దానిని తిరిగి నేర్చుకొన్నది గోలకొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర. 2013 నుండి ఆగాఖాన్ సంస్థవారు అక్కడ జరిపించిన మరమ్మతులలో, 20వ శతాబ్దంలో అద్దిన సిమెంటు పూతలను తొలగించి మరల సున్నం పూయించినారు. సిమెంటు పొర లోపలి తేమను బయటికి పోనీయక కట్టడాన్ని నానబెడుతుందని తెలిసిన తరువాత చేసిన పని అది. 2024లో అది ముగిసింది. పిసల్‌బండలోని పైగా సమాధులకు 2023లో అమెరికా రాయబారుల నిధినుండి 2,50,000 డాలర్లు మంజూరైనవి. ఆరు సమాధుల మరమ్మతు కోసం. అట్టి పనికి వచ్చిన తాపీవాడు మొదట చేసేది గోడ ముట్టుకోవడం కాదు. గొయ్యి త్రవ్వి, కాల్చిన సున్నాన్ని అందులో విరిసి, పైన జానెడు నీరు నిలువ ఉంచి, ఎండిపోకుండా రోజూ చూచుకొంటూ, వారాలు గడిచేవరకు ఆగుతాడు.